ఒక్కో ప్యాంటుకి యాభై ఆరు లీటర్లు

జీన్సు ప్యాంట్లు ఉతికి రంగు వెలయించే ఆ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు చేతులు కడుక్కునే కుళాయికి ఇనప తీగ చుట్టి ఆ సోమవారానికి ఎనిమిది రోజులైంది. తీగకి ఒక అట్టముక్క వేలాడుతోంది. దాని మీద ‘నీటి పొదుపు’ అని ఎర్ర అక్షరాలు. కింద ఒక ప్లాస్టిక్ బకెట్టు, అందులో ఒక మగ్గు. షిఫ్టులో ఉన్న ఇరవై నలుగురు ఆడవాళ్ళకీ ఆ బకెట్టే దిక్కు. పొద్దున ఆరింటికి తేటగా ఉండే నీళ్ళు ఎనిమిదయ్యేసరికి నీలంగా, పదింటికి ఊదాగా మారేవి. మధ్యాహ్నానికి ఆ రంగుకి పేరు పెట్టడం ఎవరి తరమూ కాదు.

మీటరక్క ఆ బకెట్టు పక్కనుంచే మోటారు గదిలోకి వెళ్ళాలి. గోడ మీద పైపుకి బిగించిన మీటరు అద్దాన్ని కొంగుతో తుడిచి, అంకె చదివి, పుస్తకంలో రాయాలి. అంకె ఒకటి పెరిగితే వెయ్యి లీటర్లు వాడినట్టు. షిఫ్టు అయ్యాక ఉతుకుడు డ్రమ్ముల దగ్గరికి వెళ్ళి ఎన్ని ప్యాంట్లు దిగాయో అడిగి పక్క గడిలో రాయాలి. ఆ రెండు గడులూ నిండితే ఆమె రాత పని అయినట్టే. మిగతాదంతా ఆఫీసులో కంప్యూటరు చూసుకుంటుంది. మిగిలిన వేళంతా ఆమె నేల కడుగుతుంది, ఆరిన ప్యాంట్లు మడతపెడుతుంది. చదువు ఆలస్యంగా వచ్చిన చెయ్యి కావడంతో ఒక్కో అంకెనీ ముగ్గు వేసినంత జాగ్రత్తగా దిద్దేది. దిద్దాక మళ్ళీ మీటరు వైపు చూసేది, తాను తల తిప్పేలోగా అది మాట మార్చిందేమో అన్నట్టు.

ఆ సోమవారం పని మొదలవకముందే సూపర్వైజరు అందర్నీ డ్రమ్ముల ముందు నిలబెట్టాడు. ప్రతి మాటకీ ముందు ‘ఒక్కో చుక్కా’ అని చేరుస్తాడు కాబట్టి చాటున అతన్ని చుక్కల సారు అంటారు.

“యాభై ఆరు!” అన్నాడు కాగితం పైకెత్తి. “పోయిన నెల మనది డెబ్భై. కొనేవాళ్ళు అడిగింది అరవై. మనం యాభై ఆరుకి తెచ్చాం. ఒక్కో చుక్కా లెక్కపెడితే ఇలా ఉంటుంది.”

“ఏంటి సారూ, ఆ యాభై ఆరు?” అంది దారాలు కత్తిరించే ఆమె. ఆవిడ నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు.

“నీటి పాదముద్ర. ఒక ప్యాంటు ఇక్కడినుంచి బయటికెళ్ళేలోపు ఎన్ని లీటర్లు తాగిందో ఆ లెక్క.”

“ప్యాంటుకి కాళ్ళు ఉంటాయి గానీ పాదాలెక్కడివి సారూ?”

నవ్వులు లేచాయి. చుక్కల సారు కూడా నవ్వబోయి సర్దుకున్నాడు.

“నవ్వండి. గురువారం కొనేవాళ్ళ తరఫున ఆడిటరు మేడమ్ వస్తోంది. ఈ లెక్క నచ్చకపోతే ఆర్డరు ఇంకోచోటికి పోతుంది, అప్పుడు అందరం ఇళ్ళలో కూచుని నవ్వుకుందాం. కుళాయి కట్టేసినప్పుడు నా మీద పళ్ళు నూరారు కదా? ఇప్పుడు చూడండి. ప్యాంటుకి పద్నాలుగు లీటర్లు తగ్గింది. అంటే ఇన్నాళ్ళూ మీ చేతుల మీదుగా ఎన్ని నీళ్ళు పారబోశారో మీరే ఆలోచించుకోండి.”

నవ్వులు ఆగిపోయాయి. కొందరు తమ చేతుల వైపు చూసుకున్నారు. దారాలామె నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. మీటరక్కకి అన్నిటికంటే అదే బెంగ పుట్టించింది. ఆవిడ కూడా నమ్మేసిందన్నమాట.

మీటరక్క కోడలు చివరి వరసలో, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది. ఆ పిల్లది మందు కొట్టే పని. బొమ్మకి తొడిగిన ప్యాంటు తొడల మీద ఊదా రంగు మందు చిమ్మితే అక్కడ గుడ్డ వెలిసి, పాతబడినట్టు కనిపిస్తుంది. అలా వెలిసినదాన్నే జనం మోజుపడి కొంటారట. ఆ మందు చేతికి తగిలితే వెంటనే కడిగేయాలి, లేకపోతే చర్మం గోధుమరంగుకి తిరిగి అట్టకడుతుంది. ఇచ్చిన తొడుగులు వేళ్ళ కొసల్లో చిరిగి నెలైంది.

మధ్యాహ్నం బస్సులో అత్తాకోడళ్ళు పక్కపక్కనే కూచున్నారు. కోడలు చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి సన్నని ఎర్రగీతలు కనిపిస్తున్నాయి.

“మంటగా ఉందా అమ్మాయ్?”

“అలవాటైందత్తయ్యా.”

“రెండు మగ్గులు పోసుకోవాల్సింది.”

“ఆ బకెట్లో నీళ్ళా? అందులో ముంచితే ఉన్న మందుకి ఇంకొంచెం తోడవుతుంది.”

ఇంటికి చేరాక పక్కింటావిడ పిల్లాణ్ణి తెచ్చి గుమ్మంలో దింపింది. ఎనిమిది నెలల వాడు తల్లిని చూడగానే మోకాళ్ళ మీద పరుగెత్తుకొచ్చాడు. కోడలు వంగింది గానీ అరిచేతులు వాడికి తగలనివ్వలేదు. రెండు మణికట్లూ వాడి చంకల్లోకి దూర్చి, వేళ్ళు బయటికి విప్పి పట్టుకుని, పళ్ళెం ఎత్తినట్టు ఎత్తుకుంది. వాడు ఆ వేళ్ళని పట్టుకోబోతే తల వెనక్కి వంచి వాణ్ణి నవ్వించింది. ఎత్తుకోవడంలో ఆ ఒడుపు చూస్తే ఇది ఒక్కరోజులో వచ్చిన అలవాటు కాదని మీటరక్కకి అర్థమైంది. తను ఇన్నాళ్ళూ గమనించనే లేదు.

అన్నం తిని ఆమె జాకెట్లోంచి చింపిన టీ పొడి ప్యాకెట్టు ఒకటి తీసి, లోపలి తెల్లవైపు పైకి వచ్చేలా నేల మీద పరిచింది. పుస్తకంలోంచి చూసి రాసుకొచ్చిన అంకెలు దాని మీద వరసగా ఉన్నాయి. కుళాయి కట్టకముందు ఆరు రోజులవి, కట్టాక ఆరు రోజులవి.

“ఇవాళ్టి అంకెలోంచి నిన్నటిది తీసేస్తే ఆ రోజు వాడిన నీళ్ళు, అంతేనా?” అంది.

“అంతే. చెప్పండి, నేను చేస్తాను.” కోడలు పదో తరగతి దాకా చదివింది.

“నువ్వు చూస్తూ ఉండు. చేసేది నేనే.”

తీసివేతలు పన్నెండు. అరగంట పట్టింది. నూట నలభై. నూట నలభై ఒకటి. నూట ముప్పై తొమ్మిది. నూట నలభై. కుళాయి కట్టిన రోజు దగ్గర గీత గీసి కిందికి దిగింది. నూట నలభై. నూట ముప్పై తొమ్మిది. మళ్ళీ నూట నలభై.

ఇద్దరూ ఆ కాగితం మీదికి వంగారు.

“అత్తయ్యా, నీళ్ళు తగ్గలేదు.”

“అదే చూస్తున్నా.”

“మరి పద్నాలుగు లీటర్లు తగ్గిందన్నాడుగా?”

మీటరక్కకి మొదట వచ్చిన ఆలోచన తన తప్పేనని. అద్దం మసగ్గా ఉంటుంది. ఎనిమిదిని మూడు అనుకుని రాసేసి ఉంటే? ఆఫీసులో కూచున్న చదువుకున్నవాళ్ళది తప్పయి, తనది ఒప్పవుతుందా? తప్పుడు అంకెలు రాసిందని తెలిస్తే పుస్తకం లాక్కుంటారు. తనతోపాటు కోడల్నీ గేటు బయట నిలబెట్టినా దిక్కులేదు.

“నీ వయసు కళ్ళు కావు నావి,” అంది కాగితం మడిచేస్తూ. “రేపు సరిగ్గా చూస్తాను.”

మంగళవారం అద్దాన్ని సబ్బుతో కడిగింది. ఒకసారి చదివి, బయటికి వెళ్ళి, తిరిగొచ్చి మళ్ళీ చదివింది. మూడోసారి అంకెల్ని వేలితో తాకుతూ పైకి చదివింది. షిఫ్టు చివర కూడా అలాగే చేసింది. నూట నలభై. మీటరూ మారలేదు, తన కళ్ళూ పోలేదు. భయం తగ్గాల్సింది పోయి ఇంకో చోటికి జరిగింది. తనది తప్పు కాకపోతే మరి ఎవరిది?

పక్క గడి నింపడానికి డ్రమ్ముల దగ్గరికి వెళ్ళింది. డ్రమ్ము నడిపే పెద్దాయన్ని చిన్నాపెద్దా అందరూ డ్రమ్ము మామ అంటారు. ఆయన తలుపు తెరిచి తడి ప్యాంట్లు తోపుడు బండిలోకి లాగుతున్నాడు.

“ఎన్ని మామా?”

“రెండు వేల అయిదు వందలు.” ఆయన బండిని ఒక్క చేత్తో నెట్టి, రెండో చేత్తో చెవి గోక్కున్నాడు. “పిల్లల సరుకు వచ్చినప్పటినుంచీ లెక్క బాగా కనబడుతోంది. పోయిన నెలంతా రెండు వేలు దాటితే ఒట్టు.”

మీటరక్క కలం ఆగింది. బండిలో ఉన్నవాటిలోంచి ఒక ప్యాంటు తీసింది. ఎనిమిదేళ్ళ పిల్లాడికి సరిపోయేది. జేబులో తన పిడికిలి పట్టదు.

“వీటికి నీళ్ళు తక్కువ పోస్తావా మామా?”

“డ్రమ్ముకి కళ్ళున్నాయా అక్కా, చిన్నాడివో పెద్దాడివో చూసి తాగడానికి? ఎనభై కిలోలు తూచి వేస్తాం, ఏడు వేల లీటర్లు పడతాం. పెద్దవైతే వంద పడతాయి, ఈ పిల్ల ప్యాంట్లయితే నూట యాభై పడతాయి. సగం డ్రమ్ములకి అవి, సగం డ్రమ్ములకి ఇవి. దాని తాగుడులో మాత్రం తేడా రాదు.”

ఆమె ఆ చిన్న ప్యాంటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఒక గిన్నెడు పిండితో పెద్దట్లు పది పోస్తే, చిన్నట్లు పదిహేను వస్తాయి. అట్లు పెరిగాయి కదా అని పిండి మిగిలిందంటే ఎవరైనా నవ్వుతారు. ఇక్కడ మాత్రం అందరూ తలలు దించుకున్నారు.

“వచ్చే వారం ఏంటి సరుకు?”

“అమ్మో, అది గుర్తుచెయ్యకు. పనివాళ్ళేసుకునే మందపాటి ప్యాంట్లు. తడిస్తే ఒక్కోటీ దున్నపోతే. డ్రమ్ముకి ఎనభైకి మించి పట్టవు.”

ఆమె చిన్న ప్యాంటు బండిలోకి వేసేసింది. డ్రమ్ముకి ఎనభై అంటే కాగితం మీద లెక్క యాభై ఆరునుంచి ఎనభై దాటిపోతుంది. అప్పుడు చుక్కల సారు మళ్ళీ అందర్నీ నిలబెడతాడు. కుళాయి ఎలాగూ కట్టేశారు, తరవాత దేనికి కడతారు తీగ? మరుగుదొడ్డి తలుపుకా?

బుధవారం ఆఫీసు గది ముందు రెండుసార్లు నడిచి, మూడోసారి లోపలికి వెళ్ళింది. చుక్కల సారు ఫోనులో “తప్పకుండా సార్, అంతా రెడీ సార్” అంటూ, ఎదురుగా ఎవరూ లేకపోయినా తల వంచుతున్నాడు. ఫోను పెట్టేశాక చొక్కా చేత్తో నుదురు తుడుచుకున్నాడు.

ఆమె టీ పొడి కాగితం బల్ల మీద పెట్టింది. పెద్ద ప్యాంట్లు, చిన్న ప్యాంట్లు, డ్రమ్ము, అన్నీ ఒకదానికొకటి చిక్కుపడేలా చెప్పింది.  ముందు అతను కాగితం వైపు చూడలేదు. తరవాత చూశాడు. కంప్యూటర్లో ఏవో రెండు అంకెలు కొట్టి, తెర చూసుకున్నాడు.

“ఎవరికి చెప్పావు ఇది?”

“ఎవరికీ చెప్పలేదు సారూ.”

“నిన్నేమన్నా లెక్కలు కట్టమన్నారా? మీటరు చూసి రాయమన్నారు.” గొంతు పెంచాడు గానీ అందులో కోపం కంటే కంగారే ఎక్కువుంది. “రేపొక్కరోజు. ఆడిటరు మేడమ్ వెళ్ళిపోయేదాకా నోరు మెదపకు. ఆ తరవాత చూద్దాం.”

“కుళాయి…”

“చూద్దాం అన్నానా? నీ కోడలు ఇక్కడే చేస్తోంది కదూ?”

అతను కాగితం తిరిగి ఇచ్చేశాడు. ఆమె దాన్ని జాకెట్లో దోపుకుని బయటికి వచ్చేసింది. ఆ సాయంత్రం కోడలు ఏమైందని అడిగితే, ఏమీ కాలేదంది. పిల్లాడికి ఉగ్గు తనే తినిపించింది.

గురువారం వచ్చిన ఆడిటరుకి ముప్పై అయిదేళ్ళుంటాయి. జుట్టు బిగించి ముడేసుకుంది. చేతిలో పలకలాంటి కంప్యూటరు. తడి నేల మీద బూట్లతో జాగ్రత్తగా నడుస్తూ, కనిపించిన ప్రతివాళ్ళకీ నమస్కారం పెట్టింది. మంచి మనిషిలాగే ఉంది. అదే మీటరక్కకి ఇంకా ఇబ్బందిగా తోచింది. పుస్తకం చంకలో పెట్టుకుని నాలుగడుగులు వెనకగా నడిచింది.

కుళాయి దగ్గర అందరూ ఆగారు. బకెట్లో ఆ పొద్దు కొత్త నీళ్ళు పోయించారు. అట్టముక్క కూడా కొత్తదే.

“ఇదే మేడమ్, మా పొదుపు,” అన్నాడు చుక్కల సారు. “ఒక్కో చుక్కా. ఇది పెట్టాకే డెబ్భైనుంచి యాభై ఆరుకి దిగింది.”

“కుళాయి ఆపినందుకే ఇంత తేడానా!” ఆడిటరు ఫొటో తీసుకుంది. పలక మీద వేలితో టకటకా రాసింది. “బాగుంది. మాకు సరుకు పంపే ఫ్యాక్టరీలు ఇలాంటివి ఇంకా తొమ్మిదున్నాయి. మంచి పద్ధతి కింద వాళ్ళకీ ఇదే పంపిస్తాను.”

తొమ్మిది. మీటరక్కకి తొమ్మిది బకెట్లు కళ్ళ ముందు వరసగా నిలిచాయి. తొమ్మిది మగ్గులు. పిల్లల్ని మణికట్లతో ఎత్తుకునే తల్లులు ఎందరో లెక్క తేలలేదు. అక్కడెక్కడో తనలాంటిదే ఒకామె పుస్తకం పట్టుకుని, అంకె దిగింది కాబట్టి తప్పు మాదేనేమో అనుకుంటుంది. చుక్కల సారు అప్పుడే ముందుకి దారి చూపిస్తున్నాడు.

“అమ్మా, అది తీగ వల్ల కాదు.”

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. మందు గదిలో పంపు చప్పుడు ఆగింది. కోడలు బొమ్మ వెనకనుంచి తల బయట పెట్టింది.

“మీటరక్కా, నువ్వెళ్ళి ఆ మడతల పని చూడు,” అన్నాడు చుక్కల సారు.

“వెళ్తాను సారూ. చెప్పి వెళ్తాను.” ఆమె మడతల బల్ల మీంచి ఒక పెద్ద ప్యాంటు, ఒక చిన్న ప్యాంటు తీసి ఆడిటరు రెండు చేతుల్లో చెరొకటి పెట్టింది. “మీ లెక్కలో ఇదీ ఒకటే, ఇదీ ఒకటే. డ్రమ్ముకి ఎనభై కిలోల బరువు తెలుసు గానీ ఒకటీ రెండూ తెలీదమ్మా. ఇవి వంద పడితే అవి నూట యాభై. నీళ్ళు మాత్రం అవే ఏడు వేలు. మీటరు చూడండి.”

పుస్తకం తెరిచి పట్టుకుంది.  ఆడిటరు పేజీ కింద తన చెయ్యి ఆనించి, ఒక్కో వరసా చదివి పలక మీద కొట్టుకుంది. మధ్యలో ఒకసారి డ్రమ్ము మామ వైపు చూసింది. ఆయన తలూపాడు. చాలాసేపటికి ఆమె తన మెడ వెనక రుద్దుకుంది.

“కిలో బట్టకి ఎనభై ఏడున్నర లీటర్లు,” అంది మెల్లగా. “పోయిన నెలా అంతే. ఇప్పుడూ అంతే.” కాస్త ఆగి, “ఫారంలో బరువుకి కాకుండా పీసుకి ఎన్ని లీటర్లని అడిగింది మా ఆఫీసే. ఆ గడి పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను,” అంది.

చుక్కల సారు కుళాయి వైపు, ఆడిటరు వైపు మార్చి మార్చి చూశాడు.

“ఆడవాళ్ళ కుళాయికి ఎన్ని నీళ్ళయ్యేవి?” అని అడిగింది ఆడిటరు.

“మనిషికి రోజుకి అర బకెట్టు. ఇరవై నలుగురికి పన్నెండు బకెట్లు,” అంది మీటరక్క. “బకెట్టుకి ఇరవై లీటర్లు.”

“రెండు వందల నలభై.” ఆడిటరు లెక్క కట్టింది. “రెండు వేల ప్యాంట్లకి పంచితే… ఒక్కోదానికి ఒక గుక్కెడు.”

 ఆడిటరు చూపు మందు గది తలుపు దగ్గర నిలబడ్డ పిల్ల చేతుల మీద పడింది. కోడలు వాటిని వెనక్కి దాచుకుంది. ఆడిటరు ఫొటో కోసం పలక ఎత్తబోయి, దించేసింది.

“తీగ తీసేయండి,” అంది. “ఆ మంచి పద్ధతి అన్నది కొట్టేస్తున్నాను. కానీ ఈ కుళాయికి విడిగా ఒక మీటరు పెట్టండి. అంకె లేకుండా మా పైవాళ్ళకి నేనేమీ చెప్పలేను.”

“రేపే పెట్టిస్తాను మేడమ్,” అన్నాడు చుక్కల సారు. ఆర్డరు సంగతి అడిగితే, కొత్త లెక్క పంపించాకే తేలుతుంది, ఒక నెల పట్టొచ్చు అంది.

ఆమె కారు వెళ్ళిపోయాక మీటరక్క తిట్లకి సిద్ధపడి నిలబడింది. అతను తిట్టలేదు. మరునాడు పుస్తకంలో స్కేలుతో మూడో గడి గీసి, పైన ‘ఆడవాళ్ళ కుళాయి’ అని రాసి చేతికిచ్చాడు. “గంటగంటకీ చూసి రాయి. నువ్వు కోరిందే కదా,” అన్నాడు.

శనివారం నాటికి కుళాయి మెడలో చిన్న మీటరు వెలిసింది. గుండ్రటి అద్దం, లోపల ఎర్ర ముల్లు. కుళాయి తిప్పితే అది గిర్రున తిరిగేది. బకెట్టు తీసేశారు. గోడకి సబ్బు కూడా పెట్టారు. మీటరక్క పుస్తకం పట్టుకుని పక్కనే నిలబడింది. ఇన్నాళ్ళ కరువు తీరా ఆడవాళ్ళు ఎగబడతారనుకుంది.

మొదట దారాలామె వచ్చింది. కుళాయి తిప్పింది. ముల్లు కదిలింది. ఆవిడ ముల్లు వైపు చూసి, పుస్తకం వైపు చూసి, సగానికి కట్టేసింది. సన్నటి ధార కింద వేళ్ళ కొసలు తడిపి తప్పుకుంది.

“అదేంటే, సబ్బు రాసుకోలేదు?” అంది మీటరక్క.

“ఎందుకొచ్చిన గొడవ. చక్రం తిరుగుతోంది. ఎవరు ఎంత వాడారో రేపు చుక్కల సారు పేరుపేరునా చదువుతాడు.”

తరవాతామె ఇంకా తొందరగా కానిచ్చింది. ఆ తరవాత ఇద్దరు కలిసి ఒకే ధారలో చేతులు పెట్టారు. ఎవరో వెనకనుంచి “జల్దీ, జల్దీ, అక్క రాసేస్తోంది” అంటే నవ్వబోయి ఎవరూ నవ్వలేదు. కొందరు కుళాయిదాకా వచ్చి, ఆమె చేతిలో కలం చూసి, పని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగారు. పదకొండింటికి ఆమె అంకె చూసింది. పద్దెనిమిది లీటర్లు. బకెట్టు ఉన్నప్పుడే నయం, ఇరవై లీటర్లన్నా ఉండేవి.

తీగ తీసేసినచోట ఇప్పుడు తను నిలబడి ఉంది.

చుక్కల సారు అటుగా వెళ్తూ అద్దంలోకి తొంగిచూశాడు. “పద్దెనిమిదే! చూశావా, ఎవరూ కట్టకుండానే,” అని వెళ్ళిపోయాడు.

కోడలు మందు గదిలోంచి వచ్చింది. చేతులు మోచేతుల దాకా ఊదాగా ఉన్నాయి. కుళాయి ఒక్క చుట్టు తిప్పి, ముల్లు మీదే చూపు నిలిపి, రెండు వేళ్ళు తడిపి కట్టేయబోయింది.

“చాల్లెండి అత్తయ్యా. మీకు మాట వస్తుంది.”

మీటరక్క పుస్తకం మూసి, కలం దాని మధ్యలో పెట్టి, తడి గచ్చు మీద పడేసింది. కుళాయి పూర్తిగా తిప్పింది. కోడలి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని ధార కింద పెట్టి సబ్బు రుద్దసాగింది. పగుళ్ళ మీద పడగానే ఆ పిల్ల పళ్ళు కరుచుకుంది. నీళ్ళు ఊదాగా, తరవాత గోధుమరంగుగా, తరవాత పలచగా పోతున్నాయి. ముల్లు కంటికి ఆనకుండా తిరుగుతోంది. ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగి దాన్నే చూస్తున్నారు.

“అత్తయ్యా, తిరుగుతోంది…”

“తిరగనీ. దాన్ని పెట్టింది తిరగడానికే.”

వేళ్ళ సందులు, గోళ్ళ మొదళ్ళు, మణికట్లు, ఒక్కటీ వదలకుండా కడిగింది. నీళ్ళు తేటపడ్డాక కూడా కాసేపు అలాగే పట్టుకుంది. తరవాత కుళాయి కట్టకుండానే పక్కకి జరిగి, ఆడవాళ్ళ వైపు తిరిగింది.

“మీరు కడుక్కోకపోతే నేను రాసేది అబద్ధమవుతుందే. ఇన్నాళ్ళూ నడిచిన అబద్ధపు లెక్కలు చాలు. రండి.”

ఎవరూ కదల్లేదు. నీళ్ళు ధారగా పోతూనే ఉన్నాయి. దారాలామె ఆఫీసు గది వైపు ఒకసారి చూసి, జాకెట్టు చేతులు పైకి లాక్కుని ముందుకొచ్చింది.

“సబ్బిటివ్వు,” అంది కోడలితో.